కచేరి వేళలు, కలము వేళలు

కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తనా నియమావళి 1964వ సంవత్సరములో వెలువడినది. మనలో పెక్కుమంది దానిని ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒకమారు చదివి, ఏదేని చిక్కు వచ్చినప్పుడు మాత్రమే మరల తెరచి చూచుచుందురు. అందలి 15వ నియమము ఉద్యోగి వ్యాపారములు, ఇతరోద్యోగములు చేయరాదని కట్టడిచేయుచు, ఒక చిన్న సడలింపును కూడ చూపినది. సాహిత్య, కళా, విజ్ఞాన సంబంధమైన పనిని ముందుగా అనుమతి కోరకయే అప్పుడప్పుడు చేసికొనవచ్చును. అందువలన సర్కారు పనికి మాత్రము లోటు రాకూడదు. షరతు న్యాయమైనదే. నియమమును వ్రాసినవారు 'అప్పుడప్పుడు' అను మాటను ఏమి తలచి వేసిరో గాని, మన వ్రాతలకు జాతకము వ్రాసినట్లే వేసిరి. పండుగకొక పద్యము, వార్షికోత్సవమునకొక వ్యాసము, బదిలీపై పోవు మిత్రునకొక వీడ్కోలు పత్రము, ఇంతటితో మన సారస్వత వ్యవసాయము ముగియుచున్నది. మిగిలినదంతయు పదవీవిరమణ తరువాత చూచుకొందమని వాయిదా.

తెలుగు వచనమునకు పునాదులు వేసినవారిలో కొందరు మనవలెనే జీతముపై బ్రతికినవారు. వారికిని పై అధికారులుండిరి, బదిలీలుండినవి, అప్పులుండినవి. వారు విరమణకై వేచియుండక, ఉద్యోగమున నుండగనే వ్రాతకొక వేళను, ఒక చోటును కల్పించుకొనిరి. గ్రంథముల తేదీలు, ముద్రణల సంఖ్యలు మన సాహిత్యచరిత్రలలో దొరకును. ఆ గ్రంథము ఏ వేళలో, ఎవరి యింట, ఎవరి ఖర్చుపై వ్రాయబడినదను విచారణ మాత్రము తక్కువ. ఆ విచారణకు పనికివచ్చు మూడు నాలుగు జీవితములను ఇచ్చట తడవుచున్నాను.

మొదటివారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని, స్వయంకృషిచే పైకివచ్చి, మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషి పదవి నిర్వహించినవారు. ద్విభాషి పని యెట్టిదో ఒకింత తలచి చూడుడు. వాది చెప్పినది జడ్జీకి, జడ్జీ అడిగినది సాక్షికి, ఒక భాషనుండి మరియొక భాషలోనికి దినమంతయు మార్చి చెప్పవలెను. నోరు తనది, మాట పరులది. ఒక్క ముక్క తన సొంతము కలిపెనా, పని చెడును. సచివాలయములలో ఇతరుల సంతకముల కొరకు చిత్తులు వ్రాయువారికి ఈ స్థితి వివరించి చెప్పనక్కరలేదు. అట్టి మనుష్యుడు 1830 మే 18వ తేదిన సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరెను. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశి, గయ చేరి, కలకత్తా చూచి, జగన్నాథము మీదుగా సముద్రతీరపు దారిని దిగి, 1831 సెప్టెంబరు 3వ తేదిన మద్రాసు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము. రైలు లేదు. పల్లకీ, బోయీలు, దారిపొడవున మజిలీలు.

ఈ ప్రయాణములో ఆయన మజిలీ మజిలీకిని వ్రాసిరి. ఊరు ఎంత పెద్దది, నీరు బావిదా చెరువుదా, అంగళ్లలో సరకులు దొరకునా, దిగుటకు చోటున్నదా, బాట ఇసుకయా రాయియా, సుంకపు ఠాణాలలో ఏమి జరుగును, ఏ ప్రభువు ఏలుబడి ఎట్లున్నది, జనులు ఏ భాష మాట్లాడుదురు, ఏ ఆచారములు పాటింతురు: ఇవన్నియు అందు కలవు. నడుమనడుమ దైవమునుగూర్చియు, వర్ణములనుగూర్చియు ఆయనకు తోచిన ఆలోచనలు పొడువుగనే సాగును. నేటి పాఠకుడు కొన్ని పుటలు దాటించి పోవచ్చును. నేనును దాటించి పోయితిని. కాని హైదరాబాదు నగరమును గూర్చియు, నర్మదకు ఆవలి సీమలనుగూర్చియు ఆయన వ్రాసినది చదువునప్పుడు, ఇంత వివరమును ప్రయాణపు బడలికలో ఒకడు ఎట్లు కాగితముపై పెట్టెనని ఆశ్చర్యము కలుగక మానదు.

దానికి సమాధానము ఆ గ్రంథము పుట్టుకలోనే యున్నది. వీరాస్వామయ్యగారు పుస్తకము వ్రాయుటకు కూర్చుండలేదు. చెన్నపట్టణములోని మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి ప్రయాణపు విశేషములను దినచర్యగా వ్రాసి పంపుచుండిరి. అక్కడ ఒక మనుష్యుడు ఎదురుచూచుచున్నాడు. పది మజిలీలు మౌనముగా నుండిన, ఏమైరో అని అతడు కలతపడును. ఈ ఒక్క కట్టుబాటు ఎంత గట్టిదో ఉత్తరములు వ్రాసిన తరమువారికి తెలియును. ఇక వేళ సంగతి. బోయీలు భుజములు దింపిన పిమ్మట వంటయై, భోజనములై, తరువాతి పయనమునకు సన్నాహములగువరకు యజమానుడు వృథాగా గడుపదగిన గంటలు కొన్ని యుండును. ఆ గంటలే ఆయన వ్రాతగది. కోర్టులో పరుల మాటలు పలికిన నోటికి ఆ పదునైదు మాసములు తన మాట దొరికినది. ఆ మాట గ్రంథపు భాష కాదు. చెన్నపట్టణపు తెలుగు, అందులో అరవము, హిందుస్థానీ, కచేరీ ఇంగ్లీషు కలగలిసి యుండును. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో గాని వెలువడలేదు. వచనమిట్లుండవలెనని ఎవ్వరును శాసింపని దినములలో, మిత్రునకు వ్రాయు ఉత్తరము తనంత తానే వచనమైనది.

వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. రెండేండ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్లగారు ఆ కాగితములను కాశీయాత్రచరిత్రయను పేర అచ్చువేయించిరి. తిరిగి 1869లో ఒక ముద్రణము వచ్చినది. ఆ మీదట అది చాలకాలము పలువురి కంట పడలేదు. 1941లో విజయవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి, వివరణలతో మూడవమారు ప్రకటించిరి. ఆయనయు కోర్టుపనితోపాటు చరిత్రపత్రములు ప్రోగుచేసిన మనిషియే. ఒక కోర్టు ఉద్యోగి వ్రాయగా, ఒక మిత్రుడు దాచగా, నూరేండ్లు గడచిన పిమ్మట ఒక ప్లీడరు వెలికితీసిన గ్రంథమది. వ్రాయుటకు వేళ చేసికొనుటతో పని తీరదు. ఆ కాగితములను దాచు చేయి కూడ ఒకటి కావలెనని దీనివలన తేలుచున్నది.

రెండవవాడు దొర. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో మద్రాసు చేరి, సెయింటు జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చి, 1820లో కడపకు కలెక్టరు క్రింది ఉద్యోగిగా పంపబడినవాడు. తరువాత మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, మరల కడప. ఏ యూరిలోను స్థిరముగా నిలువనీయని కొలువు. ఇట్టి కొలువులో నున్నవాడు వేమన పద్యములను ఏరి 1829లో ప్రకటించుటయు, దశాబ్దముల కృషితో నిఘంటువులను సిద్ధపరచి 1852 మొదలు రెండు మూడేండ్లలో అచ్చువేయించుటయు ఎట్లు సాధ్యమయ్యెను?

బ్రౌను ఓపిక మెచ్చదగినదే. నేను అంతకంటె ఎక్కువగా మెచ్చునది అతని ఏర్పాటును. కడపలో విశాలమైన తోటతో కూడిన బంగళా నొకదానిని కొని, అందు పండితులను, వ్రాయసకాండ్రను తన జీతము నుండి జీతములిచ్చి నిలిపెను. జనులు దానిని బ్రౌను కాలేజీ అనిరి. తాళపత్రప్రతులు ఊళ్లనుండి తెప్పింపబడును. వ్రాయసకాండ్రు వానిని కాగితములపై నకలు తీయుదురు. పండితులు ప్రతికి ప్రతి సరిచూచి పాఠభేదములు గుర్తింతురు, టీకలు వ్రాయుదురు. దొర కచేరిలో తీర్పులు చెప్పుచున్న వేళకు కూడ ఇంట పని నడచుచునే యుండును. అతడు వచ్చి చూడవలసినది, అడుగవలసినది, తేల్చవలసినది మాత్రమే మిగులును. పగలంతయు ఉద్యోగము హరించినను రాత్రికి పని కొంత ముందుకు జరిగియుండునట్లు చేసిన ఉపాయమిది. ఉద్యోగి తన గంటలను పెంచుకొనజాలడు. బ్రౌను ఇతరుల గంటలను కొనెను.

ఇతరుల గంటలు అను మాటపై ఒక్క క్షణము నిలువవలసియున్నది. జూలూరి అప్పయ్య, వఠ్యము అద్వైతబ్రహ్మయ్య మొదలగువారి పాండిత్యము లేనిదే ఆ నిఘంటువులు లేవు, ఆ పరిష్కరణములు లేవు. బ్రౌను వారి పేర్లను మరుగుపరచినవాడు కాడు. అప్పయ్య వ్యాఖ్యలు అచ్చులో వెలువడినవి. అయినను అట్టమీద నిలిచినది దొర పేరు. తెలుగుసీమ ఇచ్చిన పన్నులనుండి వచ్చిన జీతములో కొంత తెలుగుపండితుల చేతికే తిరిగి చేరినదని సంతసింపవచ్చును, అది కంపెనీ దయ వలన చేరలేదనియు గుర్తుంచుకొనవచ్చును. దొర అప్పులపాలయ్యెను. 1830ల నడుమ కొన్నేండ్లు ఉద్యోగము లేక ఇంగ్లండులో గడపెను. అక్కడను ఊరకుండక, లండనులోని ఇండియా హౌసులో పడియున్న దక్షిణదేశభాషల వ్రాతప్రతులను, రెండువేలకు పైబడినవానిని, వెదకి పట్టి మద్రాసునకు తెప్పించుటకు పాటుపడెను. తిరిగివచ్చి పారసీక అనువాదకుడుగాను, పోస్టుమాస్టరు జనరలుగాను పనిచేసెను. చిట్టచివరకు విశ్రాంతి తీసికొని లండను చేరి, అచ్చట విశ్వవిద్యాలయములో తెలుగు చెప్పి, 1884లో మరణించెను. విరమణానంతరమే వ్రాయుదమని అతడు వాయిదావేసియున్నచో, అతని వెంట ఓడనెక్కి పోవలసిన తాళపత్రములు ఎన్ని యుండెడివి, చెదలు తిన్నవి ఎన్ని యుండెడివి! అతడు కూర్చిన ప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారములో నిలిచినవి. కడపలో అతని బంగళా యున్న తావున నేడు అతని పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము వెలసియున్నవి.

బంగళాలు, వ్రాయసకాండ్రు మనకెక్కడివని పాఠకులు నవ్వవచ్చును. న్యాయమే. అందుచేత మూడవ యుదాహరణమును మన ఇండ్లకు దగ్గరగా నున్నదానిని తీసికొనుచున్నాను. దీనినిగూర్చి మన సంఘపు స్త్రీలు తప్పక చదువవలెనని నా కోరిక.

భండారు అచ్చమాంబగారు 1874లో కృష్ణామండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. బడికి పంపబడలేదు. చిన్ననాటనే వివాహమైనది. భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరు. అనగా మనవలెనే తెలుగునేలకు దూరముగా, మరాఠీ హిందీలు మాట్లాడు ఊళ్లలో, భర్త కొలువు ఎక్కడ నున్న అక్కడ కాపురము. తెలుగు పత్రిక తపాలాలో రావలసినదే. తెలుగు మాట ఇంటిలో పలుకవలసినదే. తమ్ముడు లక్ష్మణరావు చదువుకొరకు ఆ ఇంటనే పెరిగెను. తమ్ముని చదువుతోపాటు అక్క చదువును సాగినది. తెలుగు, హిందీ, మరాఠీ, కొంత సంస్కృతము, కొంత ఇంగ్లీషు ఆమెకు ఈ విధముగనే అలవడినవి. ఇంటి యజమానురాలికి వేళయన్నది ఎట్లు చిక్కునో మన గృహిణులు నాకంటె ఎక్కువ ఎరుగుదురు. పొయ్యి ఆరిన తరువాత, తక్కినవారు నిద్రపోయిన తరువాత, లేచుటకు ముందు. ఎవ్వరును ఆమెను వ్రాయుమని అడుగలేదు. వ్రాయనందువలన ఏ అర్జీయు నిలిచిపోదు. అట్టి స్థితిలో ఆమె భారతదేశపు స్త్రీల చరిత్రలను సేకరించి అబలాసచ్చరిత్రరత్నమాల రచించిరి. మొదటిభాగము 1901లో వెలువడెను. 'ధనత్రయోదశి' యను కథను 1902లో హిందూసుందరి పత్రికలో ప్రకటించిరి. గురజాడవారి 'దిద్దుబాటు' 1910 నాటిది. తెలుగులో తొలికథ ఏదను చర్చలో అచ్చమాంబగారి పేరు ముందుకు వచ్చుటకు కారణమిదియే. అట్లు చరిత్రయు, కథయు ఒక ఇంజనీరుగారి ఇల్లాలి చేతనుండి ప్రవాసమునుండియే వచ్చినవి.

నాకు ఇందు విశేషముగా తోచునది తమ్ముని పాత్ర. అక్కకు ప్రత్యేకమైన గదియొకటి యుండెనో లేదో, చదువు ముచ్చటించు మనిషి మాత్రము ఇంటిలోనే యుండెను. వీరాస్వామయ్యగారికి దూరమున శ్రీనివాసపిళ్ల ఎట్లో, అచ్చమాంబగారికి చెంతనే లక్ష్మణరావు అట్లు. రత్నమాల తరువాతి భాగములకు ఆమె పూనుకొనియుండగనే, 1905లో, ముప్పదియేండ్ల వయస్సున, కన్నుమూసిరి.

ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావుగారు. మునగాల సంస్థానమునకు దివాను. సంస్థానపు దివానుగిరి అనగా నేమి? శిస్తులు, సరిహద్దు తగవులు, వ్యాజ్యములు, వకీళ్లు. ఆ పనులలో మునిగియుండియే ఆయన 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయ స్థాపనలో పాల్గొనిరి. 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. సంస్థానపు వ్యవహారములకై మద్రాసునకు మకాము మార్చవలసివచ్చినప్పుడు మండలి పనియు వారి వెంట నడచినది. ఆయన పద్ధతి మరియొకటి. ఒంటరిగా వేళ దొరకనివాడు పదిమందిని ఒక పనికి కట్టివేసినచో, ఆ పది మంది పనిచేయుచుండగా తానును చేయక తప్పదు. చరిత్రలు, శాస్త్రగ్రంథములు వరుసగా వెలువడెను. గ్రంథమునకు చందా ఇచ్చినవాడు పుస్తకము ఎప్పుడని అడుగును గదా!

తుదకు ఆయన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. ఒక్కని ఆయుర్దాయమునకు మించిన పని. వెలువడిన మూడు సంపుటములు అకారాది పదములతోనే నిండిపోయినవి. 1923 జూలై 12వ తేదిన లక్ష్మణరావుగారు మరణించిరి. వయస్సు 46. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని కొంత సాగించిరి గాని, మొదలిడినవాని కల మొదలిడినట్లు పూర్తి కాలేదు. నలుబదులలో నున్న నావంటివారికి ఆ 46 అను అంకె చదువుట అంత సుఖముగా నుండదు. అప్పటికి ఆయన గ్రంథాలయము, మండలి, మూడు సంపుటములు చేతబెట్టి పోయిరి. మనము పదవీవిరమణకు ఇంకెన్నేండ్లున్నవో లెక్కించుకొనుచుందుము.

ఇంతకును మనము వ్రాయదగినదేమి యున్నదని ఒకరు నన్నడిగిరి. విజ్ఞానసర్వస్వము వ్రాయుమని ఎవ్వరిని కోరుటలేదు. స్వాతంత్ర్యము వచ్చిన మొదటి దశాబ్దములలో గ్రాండు ట్రంకు ఎక్స్‌ప్రెస్సులో ఆవకాయ జాడీలతో ఢిల్లీ దిగిన తెలుగు గుమాస్తాలు, స్టెనోగ్రాఫర్లు, వారి భార్యలు చలికాలమును మొదటిమారు ఎట్లు ఎదుర్కొనిరి? సర్కారు క్వార్టరు వచ్చువరకు ఎచ్చట తలదాచుకొనిరి? 1953లోను, 1956లోను, 2014లోను రాష్ట్రములు మారినప్పుడు ఇచ్చటి తెలుగుకుటుంబములలో ఏమి మాటలాడుకొనిరి? పిల్లలకు అక్షరాభ్యాసము ఎవరు చేయించిరి, ఏ తరములో తెలుగు చదువుట మానిరి? ఇవి ఏ ఫైలులోను లేవు. ఫైళ్లలో మన సంతకములున్నవి. వానికి కాలపరిమితి తీరగానే నియమప్రకారము తీసివేయుదురు. ఆ తరమువారిలో మిగిలినవారు ఎనుబదులు, తొంబదులు దాటినవారు. ఏటేట మన సంతాపతీర్మానములలో వారి పేర్లు చదువుచున్నాము. ఒక పెద్దావిడ తన భర్త 1950లనుండి వ్రాసిన ఇంటిఖర్చుల పుస్తకములను, ఇల్లు మారునప్పుడు పాతకాగితములవానికి తూకమునకు వేసితినని నాతో చెప్పినది. బియ్యపు వెల మొదలు బడిజీతము వరకు ముప్పదియేండ్ల లెక్క అందులో నుండెనట.

కావున కార్యవర్గమునకు నాది ఒక విన్నపము. సంఘపు గది ఆదివారము ఉదయము పది గంటలకు నాట్యపు తరగతితో తెరువబడుచున్నది. ఏడున్నరకే తెరచినచో రెండుగంటలకు పైగా వేళ చిక్కును. బల్లలున్నవి, కుర్చీలున్నవి. ఇంట రెండు గదులలో పిల్లల పరీక్షలు, టెలివిజను, అతిథులు ఉన్నవారు అక్కడకు వచ్చి కూర్చుండి వ్రాసికొందురు. ఉపన్యాసము వలదు, అధ్యక్షుడు వలదు, తేనీరు ఎవరిది వారు తెచ్చుకొందురు. వ్రాయలేని పెద్దలు చెప్పుచుండగా యువకులెవరైన వ్రాసి పెట్టవచ్చును. నెలకొకమారు, వ్రాసినదానిని ఒకరికొకరు చదివి వినిపించుకొనిన చాలును. పూర్తియైన కాగితములను ఉంచుటకు గ్రంథాలయపు బీరువాలో క్రింది అర ఖాళీగా నున్నది. దానికి తాళము వేయింపవలెను. గది తాళపుచెవి కార్యదర్శిగారి వద్ద నున్నది. వారు నివసించుచోటు గదికి దూరము గనుక, ఆదివారము ఉదయము వారిని శ్రమపెట్టకుండ రెండవ తాళపుచెవి యొకటి చేయించి, దగ్గరలో నున్న సభ్యులెవరికైన అప్పగింపవలసినదిగా కోరుచున్నాను.